కల్లు చావడిలో ఆడపాదం

ఆడదాని పాదం పడితే కల్లు కుళ్ళిపోతుంది. సాన్ ఆర్కాదియో అసియెండాలో, అర్రియోలా దొరల ఆ పెద్ద ఎస్టేటులో, ఎవరిని అడిగినా ఈ మాటే చెప్పేవారు. గీత కార్మికులు చెప్పేవారు, వాళ్ళ భార్యలు చెప్పేవారు, గుడిలో పాదిరీ చెప్పేవాడు, రాజధానిలో పీపాలు దింపుకునే దుకాణదారు కూడా చెప్పేవాడు. ఎవరూ పరీక్షించి చూడలేదు. చూడవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

సాక్ష్యం కావాలంటే దొరసాని దోన్యా మెన్సియా కథ ఉండనే ఉంది. అర్రియోలా వంశంలో మొదటివాడు స్పెయిన్ రాజు సైన్యంలో కప్తాను. రాజు ఆ మైదానాన్ని అతనికి ధారాదత్తం చేసేనాటికి దాని మీద ఊళ్ళున్నాయి. రాజు వాటిని చూడలేదు. కప్తాను చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాడు. అతని కొడుకు కోటలాంటి దివాణం కట్టాడు. మనవడు గుడి కట్టించి, ఊరి ఊటబావిని గుడి ప్రహరీలో కలుపుకున్నాడు. ఆ మనవడి భార్యే దోన్యా మెన్సియా. భర్తను వెతుక్కుంటూ ఆమె ఒకనాడు కల్లు చావడిలో అడుగుపెట్టిందట. ఆ వారం రాజధానికి పంపిన పీపాలన్నీ కుళ్ళి వెనక్కి వచ్చాయట. భర్త ఆమెను మేడగదిలో పెట్టి తాళం వేశాడు. ఆమె మళ్ళీ శవంగానే కిందికి దిగింది. ఆమె చిత్తరువును ఇప్పటికీ గోడవైపు తిప్పి ఉంచారని దివాణంలో ఊడ్చే ఆడవాళ్ళు చెప్పేవారు. రాజు పోయాడు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మైదానం మీదుగా రైలు కూడా వచ్చింది. అర్రియోలాలు కదల్లేదు. ఆ నియమమూ కదల్లేదు.

నికనోరాకు ఆ నియమం తల్లి చేతి దెబ్బలతో వంటబట్టింది. చిన్నప్పుడు తప్పించుకుపోయిన కోడిపెట్ట వెంట పరుగెత్తి చావడి గడప దాకా వెళ్ళింది. తల్లి జుట్టు పట్టి వెనక్కి లాగి అందరూ చూస్తుండగా వీపు వాయగొట్టింది. "మన కొంపే కాదు, మైదానమంతా ముంచేదానివి గదే!" అని తనే ఏడ్చింది. నాటి నుంచి నికనోరా చావడి ముందు నుంచి నడిచేటప్పుడు శాలువ ముఖం మీదికి లాక్కునేది. లోపలి పుల్లటి వాసన పీల్చడం కూడా తప్పేమోనని ఊపిరి బిగపట్టేది.

ఆమె భర్త తీర్సో గీత కార్మికుడు. పొద్దుపొడుపుతో గాడిదను తోలుకుని మగేయ్ తోటలోకి పోయేవాడు. మనిషిని మించిన మట్టలతో, అంచుల వెంట ముళ్ళతో, కలబందలాంటి ఈ మగేయ్ మొక్క ఏళ్ళ తరబడి పెరిగి జీవితంలో ఒక్కసారే పూస్తుంది. పూయకముందే దాని మొవ్వు కోసి, ఆ చోట గిన్నెలా గుంట చేస్తారు. గుంటలో తేనెనీరు ఊరుతుంది. పొడవాటి సొరబుర్రతో దాన్ని నోటితో పీల్చి తోలుతిత్తిలోకి వదిలి, గుంట లోపలి గోడను గీతకత్తితో పలచగా గీకాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గీకకపోతే పుండు మానినట్టు పొర కట్టుకుపోతుంది. ఆ తరవాత ఎంత గీకినా చుక్క రాలదు. మొక్క ఎండి చచ్చేదాకా ఆ గాయాన్ని పచ్చిగా ఉంచడమే గీత పని. తేనెనీటిని చావడికి చేర్చి, టోపీ తీసి, మోకరిల్లి స్తుతిపాట పాడాలి. చావడి పెద్ద డోన్ లాంబెర్తో ఎద్దుతోలు తొట్టెల్లో దానికి పాత కల్లు తోడు పెట్టేవాడు. నురగలు కక్కే ఆ కల్లును రోజూ పొద్దున రైలు రాజధానికి మోసుకుపోయేది.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. కూలీల ఇళ్ళ లైను పక్కనున్న నీటిగుంట ఎండి నెర్రెలు విచ్చింది. దివాణం ప్రహరీలో నీళ్ళున్నాయి. కాని వాటిని ముందు దొర గుర్రాలు తాగాలి, తరవాత కంచర గాడిదలు, తరవాత తోటలోని గులాబీలు. లైనులో పసివాళ్ళ పెదాలు పగిలి నెత్తురు చిమ్మాయి. మగేయ్ గుంటల్లో మాత్రం తేనెనీరు ఎప్పటిలాగే ఊరుతోంది. తీర్సో, అతని పక్క చాళ్ళలో గీసే ఇద్దరు అన్నదమ్ములూ చావడికి పోయే దారిలో లైను ముందు గాడిదలను ఆపి, పిల్లల దోసిళ్ళలో తేనెనీరు పోశారు.

మర్నాడు ముగ్గురినీ దివాణం వాకిట్లో బండి చక్రాలకు కట్టారు. అసలు దొర డోన్ ఇగ్నాసియో రాజధానిలోనే ఉంటాడు. పెత్తనమంతా మేనేజరు డోన్ ఫెర్మీన్‌ది. లైనువాళ్ళందరినీ పనులు మాన్పించి వాకిట్లో నిలబెట్టాడు.

"ఇది దొంగతనం," అన్నాడు డోన్ ఫెర్మీన్.

"పిల్లలు దాహంతో పోతున్నారయ్యా," అన్నాడు తీర్సో, మెడ తిప్పలేక చక్రం ఆకుతోనే చెబుతున్నట్టు.

"దాహమేస్తే వాన కోసం దేవుణ్ణి అడుగు. వాన దేవుడిది. మగేయ్ అర్రియోలాలది."

కొరడా లేచింది. నికనోరా కళ్ళు మూసుకోలేదు. భర్త వీపు చిట్లడం చూసింది. అంతకంటే ఆమెకు గుచ్చుకున్నది మరొకటి: మగవాళ్ళంతా టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. వాకిట్లోకి వస్తే టోపీ తీయడం వాళ్ళకు అలవాటు. కొరడాకు కూడా తీశారు.

ముగ్గురినీ ధాన్యపు కొట్టులో వేసి తాళం పెట్టారు. శనివారం బండికి గుర్రపు పోలీసులు వాళ్ళను దక్షిణాది నార తోటలకు వెట్టిచాకిరికి తోలుకుపోతారని చెప్పారు. దక్షిణాదికి పోయినవాడు తిరిగి వచ్చినట్టు ఆ లైనులో ఎవరూ వినలేదు.

సాయంత్రం గీత ముగించుకుని వచ్చి, ఎండిపోయిన చాకిరేవు రాళ్ళ దగ్గర అందరూ పోగయ్యారు. ముందుగా మాట్లాడింది నికనోరా తమ్ముడు ఎవరిస్తో. స్టేషన్లో పట్టాల పని చేస్తాడు. ఉత్తరాది రైలు సమ్మెలో తిరిగి, దెబ్బలు తిని వచ్చినవాడు.

"గీయడం ఆపండి," అన్నాడు. "అంతే. రాయి విసరొద్దు, నిప్పు పెట్టొద్దు. రేపు పొద్దున గీతకత్తులు చూరులో దోపి గుమ్మంలో కూచోండి. ఎల్లుండికి గుంటలు పొర కట్టడం మొదలెడతాయి. డోన్ ఫెర్మీన్ తనే తాళంచెవి పట్టుకొస్తాడు."

సెరాపియో తాత గొంతు సవరించుకున్నాడు. గీసేవాళ్ళలో అందరికంటే పెద్దవాడు.

"నీకు పట్టాలు తెలుసు నాయనా, మగేయ్ తెలీదు. నా చాళ్ళలో మొక్కలు నా కొడుకుతో పాటు నాటినవి. కొడుకు పోయాడు, అవున్నాయి. మొవ్వు కోసి, గుంట తెరిచి, ఇప్పుడు గీయకుండా వదిలెయ్యమంటావా? పాలతో బరువెక్కిన ఆవును పితక్కుండా కట్టేసినట్టు కాదూ?"

"ఎవరి ఆవు తాతా? పాలెవరు తాగుతున్నారు?"

"ఎవరు తాగితేనేం. పొదుగు నొప్పి ఆవుదే గదా."

"పైగా మేనేజరు సరుకుల దుకాణం మూసేస్తాడు," అన్నాడు మరొకడు. "మొక్కజొన్న ఎవడు పెడతాడు? ముందు చచ్చేది మగేయ్ కాదు, మనం."

"మొవ్వు కోసిన మొక్కను చంపితే పాపం తగులుతుంది," అన్నాడు ఇంకొకడు. తలలు ఊగాయి.

చోలే అత్త లేచి నడుం మీద చెయ్యి వేసుకుంది. లైనులో పురుళ్ళన్నీ పోసేది ఆవిడే. అక్కడున్న మగవాళ్ళలో సగం మంది మొదటి ఏడుపు ఆవిడ చేతుల్లోనే ఏడ్చారు.

"బాగుందర్రా! మొక్క చస్తే పాపం, మనిషి చస్తే ఫరవాలేదు. ఆ కత్తులు మాకిచ్చి, మీరు మా శాలువలు కప్పుకోండి. కనీసం మీసాలన్నా దాగుతాయి."

ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళలో కొందరు కూడా నవ్వి, వెంటనే సిగ్గుపడ్డారు.

నికనోరా అప్పుడు నోరు విప్పింది. పొద్దుటి నుంచి ఆమె మనసులో ఒకటే మాట తిరుగుతోంది. పైకి చెబితే నాలుక పడిపోతుందేమోనని భయంగానే ఉంది.

"మీరు గీయండి. ఒక్క మొక్క కూడా చావక్కర్లేదు. మేం చావడిలోకి పోతాం."

ఎవరో సిలువ గుర్తు వేసుకున్నారు.

"ఆడపాదం పడితే కల్లు కుళ్ళుతుందని గదా వీళ్ళ భయం? అంటే మా పాదాలంటే భయం. గడప మీద నిలబడి అడుగుదాం. మావాళ్ళను వదిలితే వెనక్కి తిరుగుతాం. వదలకపోతే లోపలికి. తొట్టెల్లో ఉన్నదీ పోతుంది, తోడు కల్లూ పోతుంది. మెన్సియా దొరసాని ఒక్కతే వారం రోజుల కల్లు ముంచింది. మేం ఇంతమందిమి."

"అమ్మో, కాళ్ళు చచ్చుబడిపోతాయంటారు వదినా," అంది వెనక నుంచి ఓ పిల్లతల్లి.

"నావి పోనీ. తీర్సో తిరిగొస్తే ఎత్తుకుంటాడు."

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. సభ అటు మొగ్గిందని ఎవరిస్తోకు అర్థమైంది.

"అక్కా, ఒక్క మాట. బండి ఆలస్యమైనప్పుడు పీపాలు ఎండలో నిలబడి కుళ్ళడం నేనెన్నిసార్లో చూశాను. అప్పుడు ఏ ఆడది కాలు పెట్టింది? ఆ దొరసాని కాలంలో రైలు లేదు, గాడిదల మీద పోయేవి. దారిలోనే కుళ్ళి ఉండొచ్చు గదా? ఆడపాదం పడ్డ కల్లు కుళ్ళడం కళ్ళారా చూసినవాళ్ళు ఇక్కడ ఒక్కరున్నారా?"

"ఓరి నీ మొహం మండ! చూస్తే చూసినవాళ్ళు బతుకుతారట్రా?" అంది చోలే అత్త. "దొరలే నమ్మి బొమ్మను గోడవైపు తిప్పారు. వాళ్ళకంటే నీకెక్కువ తెలుసా?"

"వాళ్ళు నమ్మారో, మనల్ని నమ్మించారో. ఆడవాళ్ళు లోపలికొస్తే బిందెలు కూడా వెంట వస్తాయని, కల్లు ఇళ్ళకు పోతుందని ఎవరికో తోచి ఉంటుంది."

ఆ సాయంత్రం అక్కడ లేచిన ప్రశ్నల్లో పరీక్షకు నిలిచేది ఎవరిస్తో అడిగిన ప్రశ్న ఒక్కటే. చేతులెత్తి దాన్ని ఓడించారు. వాళ్ళను తప్పుపట్టడం తేలిక. వాళ్ళ ముందు రెండు దారులున్నాయి: ఒకటి తమ చేతులతో పెంచినదాన్ని తమ చేతులతో చంపుకోమంటుంది, రెండోది తాతల నాటి నిషేధాన్ని దొర మీదికే తిప్పమంటుంది. రెండో దారిలో ఎవరికీ నొప్పి లేదనిపించింది. నికనోరా మాత్రం ఆ మాటను ఎత్తుగడగా అనలేదు, నమ్మే అంది. తన కాలు చచ్చుబడుతుందని కూడా నమ్మింది. నమ్మి, కాలు ఒకవైపు, తీర్సో ఒకవైపు పెట్టి తూచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ళు లైనులోంచి బయలుదేరారు. రొట్టెల పెనాలు పొయ్యి మీదే వదిలేశారు. దారిలో పిల్లతల్లి ఆగిపోయింది.

"వదినా, చెప్పులుంటే పనిచేస్తుందంటావా?"

నికనోరా ఆలోచించింది. మెన్సియా దొరసాని చెప్పులు వేసుకునే ఉంటుంది. అయినా తోలు అడ్డం పడకుండా ఉంటేనే మంచిదనిపించింది. అందరూ చెప్పులు విప్పి దారి పక్కన వరసగా పెట్టి, కాలే మట్టి మీద వట్టికాళ్ళతో చావడి గడప చేరారు.

డోన్ లాంబెర్తో చేతులు చాపి గుమ్మానికి అడ్డం పడ్డాడు. జీవితమంతా ఆ తొట్టెలకు తోడు పెట్టిన మనిషి. మీసాలు కూడా నురగ రంగుకు తిరిగాయి.

"ఆగండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"జాగర్త పెద్దాయనా," అంది చోలే అత్త, "ఇవాళ కాళ్ళే మా తుపాకులు."

డోన్ ఫెర్మీన్ పరుగున వచ్చాడు. భోజనం మధ్యలో లేచినట్టుంది. తుండుగుడ్డ మెడలోనే ఉంది. గడప మీద వరస కట్టిన వట్టి పాదాలను చూసి అతని ముఖం పాలిపోయింది. ఆ పాలిపోవడం ప్రతి ఆడదీ చూసింది. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళు చూసిన మొదటి గెలుపు అది.

"ఏం కావాలి?"

"ముగ్గురు మనుషులు," అంది నికనోరా. "కొట్టులో ఉన్నారు. తాళం తీయించండి, ఇళ్ళకు పోతాం."

"దిగండి ముందు."

"తాళం తీశాకే దిగుతాం."

అతను తుండుగుడ్డ తీసి నుదురు తుడుచుకున్నాడు. తొట్టెల వైపు చూశాడు. "సరే. తాళంచెవికి మనిషిని పంపుతున్నాను. అందాకా ఎవరూ కదలొద్దు." సవారీ మనిషిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. గుర్రం దివాణం మూల తిరిగింది.

గడప రాయి ఎండకు కాగి పాదాలు మాడుతున్నాయి. ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి మారుతూ, మారినప్పుడల్లా లోపలికి పడకుండా ఒకరినొకరు పట్టుకుంటూ నిలబడ్డారు.

"మా ఆయన పెళ్ళినాడు కూడా ఇంతసేపు నిలబెట్టలేదే," అంది చోలే అత్త. వరసంతా కిసుక్కుమంది.

స్టేషను వైపు దుమ్ము లేచింది. గాలి లేపిన దుమ్ము కాదది, గుర్రాలది. సవారీ కొట్టుకు పోలేదు, పోలీసుల ఠాణాకు పోయాడు.

నికనోరా డోన్ ఫెర్మీన్ ముఖంలోకి చూసింది. పాలిపోయిన రంగు తిరిగి వచ్చేసింది. ఆమె శాలువ నడుముకు బిగించి, కుడికాలు లోపల పెట్టింది.

నేల చల్లగా, తడిగా ఉంది. కాలికి ఏమీ కాలేదు. రెండో కాలు పెట్టింది. నురగ ఎప్పటిలా చిటచిటలాడుతూనే ఉంది. మొదటి తొట్టె దగ్గరికి పోయి, చట్రం పట్టుకుని ఎక్కి, కాలు మోకాలి దాకా కల్లులో దింపింది. వెనక వరసంతా లోపలికి ఒరిగింది. కొందరు ఏడుస్తూ, కొందరు నవ్వుతూ, కొందరు ప్రార్థన గొణుగుతూ చేతులు, పాదాలు ముంచారు. పిల్లతల్లి దోసిలితో తాగింది. రెండు రోజులుగా ఆమె గొంతు తడవలేదు. డోన్ లాంబెర్తో గడప రాతికి తల బాదుకున్నాడు. లోపలి పనివాళ్ళు టోపీలు మరిచి పారిపోయారు.

లోపలి గోడ నిండా బొమ్మలున్నాయని ఆడవాళ్ళకు ఆ రోజే తెలిసింది. అర్రియోలాల చరిత్రంతా అక్కడ గీయించి పెట్టారు: గుర్రం మీద కప్తాను, గోడ కట్టిస్తున్న కొడుకు, గుడి గంట ఎత్తిస్తున్న మనవడు. అన్నిటికీ మొదట, కప్తాను గుర్రం ముందు, వట్టి కాళ్ళతో ఒక ఆడమనిషి కల్లు కడవ పట్టుకుని నిలబడి ఉంది. చోలే అత్త ఆ బొమ్మ ముందు నోరు తెరుచుకుని ఆగిపోయింది.

"ఇదెవతే? మనకంటే ముందే వచ్చేసింది!"

ఆవిడ అన్న ఆఖరి మాట అదే. పోలీసులు గుమ్మంలోంచే కాల్చారు. చోలే అత్త బొమ్మ కిందే కూలబడింది, ఎవరి పురిటి దగ్గరో కూర్చున్నట్టు కాళ్ళు మడుచుకుని. మిగిలినవాళ్ళను తుపాకి మడమలతో బయటికి తోశారు. నికనోరాను తొట్టెలోంచి జుట్టు పట్టి లాగారు. ఆమె లెక్కచెయ్యలేదు. పని అయిపోయిందనుకుంది.

చేతులు వెనక్కి విరిచి కడుతున్నప్పుడు డోన్ లాంబెర్తో ఏడుపు వినిపించింది.

"పారబోయించండి దొరా! తోడుతో సహా పారబోయించండి. పక్క అసియెండా నుంచి కొత్త తోడు తెచ్చుకుందాం."

డోన్ ఫెర్మీన్ తొట్టెల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. వంగి వాసన చూశాడు.

"పొద్దున పీపాలకెత్తండి."

"దొరా!"

"ఎత్తమన్నాను. కుళ్ళేదైతే బండెక్కాక కుళ్ళనీ."

శనివారం పొద్దున స్టేషన్లో రెండు రకాల సరుకు ఎక్కించారు. ముందు పెట్టెల్లోకి కల్లు పీపాలు, చివరి పెట్టెలోకి మనుషులు. లైనువాళ్ళంతా కట్టె కంచె అవతల నిలబడ్డారు. వాళ్ళు తీర్సో కోసమే కాదు, పీపాల కోసం కూడా వచ్చారు. నికనోరాను తెచ్చి భర్త పక్కన నిలబెట్టారు. తీర్సో వీపు చొక్కాకు అతుక్కుపోయి ఉంది.

"నువ్వెందుకొచ్చావే?" అన్నాడు. తిట్టో, దుఃఖమో ఆమెకు తెలియలేదు.

"కల్లు కుళ్ళబెట్టాను."

"కుళ్ళిందా?"

"కుళ్ళే ఉంటుంది."

అతను పీపాల వైపు చూశాడు. అతని కళ్ళల్లో కూడా ఆ ఆశే వెలిగింది. ఒక్క పీపా మూత ఎగిరితే చాలు, ఒక్క దుర్గంధపు పొగ లేస్తే చాలు. అప్పుడు చోలే అత్త ఊరికే పోనట్టే.

డోన్ ఫెర్మీన్‌కు కూడా తెలుసు వాళ్ళు దేని కోసం ఎదురుచూస్తున్నారో. ఒక పీపాకు బిరడా తీయించి, గిన్నెడు వంపించి, డోన్ లాంబెర్తో చేతికి ఇచ్చాడు. ముసలాయన అందుకున్నాడు. వాసన చూశాడు. నాలుక తడిపాడు. మళ్ళీ ఒక గుక్క తాగాడు. బతుకంతా దణ్ణం పెట్టుకున్న దేవుడు దివాణం నౌకరని తెలిసినట్టు బిక్కమొహం వేశాడు.

"ఏం?" అన్నాడు మేనేజరు.

"...బాగుంది దొరా."

"కంచె అవతలికి వినపడేట్టు చెప్పు."

"బాగుంది."

కంచె వెంట ఒకావిడ శాలువ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకు పోయండి," అంది నికనోరా.

పోలీసులు నవ్వారు. డోన్ ఫెర్మీన్ కూడా నవ్వి, గిన్నె తనే ఆమె నోటికి అందించాడు. ఆమె కళ్ళు మూసుకుని తాగింది. ఎక్కడో ఒక మూల చేదు తగులుతుందని నాలుకతో వెతికింది. తగల్లేదు. మంచి కల్లు, తీర్సో పండగలకు తెచ్చేలాంటిదే. కిందటి మధ్యాహ్నం తన మోకాలు, పిల్లతల్లి చేతులు, ఇంతమంది పాదాలు మునిగిన కల్లు. ఆమెకు మొదట చోలే అత్త గుర్తొచ్చింది. తరవాత తల్లి కొట్టిన దెబ్బలు గుర్తొచ్చాయి. తల్లి కూడా ఉత్తినే ఏడ్చింది.

మూతి తుడుచుకోవడానికి చేతులు లేవు. అలాగే కంచెవైపు తిరిగింది.

"తమ్ముడు చెప్పిందే నిజం!" అని అరిచింది. "మన పాదాలకు ఏ మహిమా లేదు! కల్లు బాగానే ఉంది, నేనే తాగి చూశాను! మీ చేతులు ఆపండి! సెరాపియో తాతా, గీయొద్దు! ఎవరూ గీయ..."

తుపాకి మడమ నోటి మీద పడింది. తీర్సో కట్టిన చేతులతోనే పోలీసు మీద పడబోయి కింద పడ్డాడు. ఇద్దరినీ పెట్టెలోకి విసిరి తలుపు లాగారు. బండి కదిలింది. కంచె పట్టుకున్న మగవాళ్ళు, ఏం చెయ్యాలో తోచక, టోపీలు తీశారు. ఎవరిస్తో ఒక్కడే తీయలేదు.

ఆ సాయంత్రం గీత గంట మోగింది. లైనులో కాసేపు ఎవరూ కదల్లేదు. తరవాత ఒకడు గాడిదను విప్పాడు. అతని వెనక మరొకడు. అలా ఒకరి తరవాత ఒకరు, తలలు దించుకుని, మగేయ్ తోటలోకి పోయారు. సెరాపియో తాత పోలేదు. గీతకత్తి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. దాని అంచును బొటనవేలితో తడుముతూ, మేస్త్రీ వచ్చి బూతులు తిట్టినా తల ఎత్తలేదు. అతని పక్కన ఎవరిస్తో వచ్చి కూర్చున్నాడు. తాత చాళ్ళు గీయమని మేస్త్రీ పక్క చాలువాణ్ణి పురమాయించాడు. వాడు పోయి ఆ మొక్కల మధ్య చాలాసేపు నిలబడి, గుంటలు ముట్టుకోకుండా తిరిగి వచ్చి, చీకటి పడిపోయిందని చెప్పాడు. పడమట ఇంకా వెలుగు ఉంది. తెల్లవారేసరికి పోలీసులు తాతను, ఎవరిస్తోను, ఆ పక్క చాలువాణ్ణి, ముగ్గురినీ తీసుకుపోయారు. మిగతా చాళ్ళన్నీ వేళకు గీశారు.

ఆదివారం రాజధానిలో సాన్ ఆర్కాదియో కల్లు మధ్యాహ్నానికే అయిపోయింది. ఒక్క పీపా కూడా వెనక్కి రాలేదు.